వినిపించినట్టుంది

ఫిబ్రవరి 11

గాలి తూర్పు. నీళ్ళు వెచ్చన. రాళ్ళ దిబ్బ దాటాక దిగాను. కొంచెం వినిపించినట్టుంది.

ఫిబ్రవరి 12

గాలి లేదు. నీళ్ళు వెచ్చన. కొంచెం వినిపించినట్టుంది.

వలలో జెల్లీచేపలు.

ఫిబ్రవరి 15

ఈ పుస్తకం నాన్న పెట్టిన అలవాటు. సముద్రం నుంచి రాగానే మూడు ముక్కలు రాయాలి: గాలి, నీళ్ళు, ఏం వినిపించింది. అంతకు మించి రాస్తే "కథలు పడకురా" అనేవాడు. నలభై ఏళ్ళుగా మూడు ముక్కలే రాస్తున్నాను. ఇవాళ కథలు పడాలనిపిస్తోంది. చదివేవాళ్ళెవరున్నారు గనక.

అలమర సర్దుతుంటే పాత పుస్తకాలు బయటపడ్డాయి. పదిహేనేళ్ళ కిందట ఇదే తారీఖు: "గాలి తూర్పు. పైన వెచ్చన, మోకాళ్ళ దగ్గర చలి. గొరకలు, ఎడమ వైపు, రెండు గుంపులు. పెద్దది దూరంగా ఉంది." ఆ గొరకచేపల గుంపు నాకింకా గుర్తే. నీళ్ళలో చెవి పెట్టగానే గొరగొరమని, గదినిండా మగవాళ్ళు పడుకుని గుర్రు పెడుతున్నట్టు. ఆ రోజు పడవ అంచు నీళ్ళకి బెత్తెడు ఎత్తున ఉంది, వస్తున్నంతసేపూ భయమే.

నన్ను ఆపేసింది మాత్రం గొరకలు కాదు. "మోకాళ్ళ దగ్గర చలి" అన్న మాట. నేను నీళ్ళలోకి జారితే తల వెచ్చని నీళ్ళలోనూ, కాళ్ళు చల్లని నీళ్ళలోనూ ఉండేవి. రెండు గదుల మధ్య గడపలో నిలబడ్డట్టు ఉండేది. ఆ చలి ఎప్పుడు పోయిందో వెతికాను. ఏ పుస్తకంలోనూ లేదు. ఏదో ఒక రోజున రాయడం మానేశానంతే.

ఫిబ్రవరి 21

తమ్ముడు ఇంజను ఆపాడు. "దిగన్నయ్యా" అన్నాడు. ఇద్దరు వలవాళ్ళూ కదలకుండా కూర్చున్నారు. ఒకడు పొడుగాయన, రెండోవాడు దగ్గాయన. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ దగ్గాయన దగ్గు బిగబట్టాలి. పాపం, ఆ రెండు నిమిషాలూ అతని మొహం వంకాయ రంగుకొస్తుంది. నేను పైకి రాగానే వారం రోజుల దగ్గంతా ఒక్కసారే దగ్గుతాడు.

తాడు పట్టుకుని జారాను. కళ్ళు మూసుకున్నాను. రాళ్ళ దగ్గర పోపు గింజల్లా రొయ్యల చిటపటలుండాలి, పలచగా ఉన్నాయి. దూరంగా పెద్ద ఓడ మర చప్పుడు. ఆ తరవాత నా నెత్తురు చప్పుడు.

వల ఎటు వెయ్యాలో చూపిస్తూ చెయ్యి లేపాను. కుడి వైపు. అటే అనిపించింది.

జెల్లీచేపలు. వల దులపడానికి మధ్యాహ్నం దాటింది. పొడుగాయన చేతులు మోచేతుల దాకా వాచిపోయాయి.

మార్చి 4

రేవులో చేపలు చూపించే మిషన్ లేని పడవ మాదొక్కటే. చిన్న టీవీ లాంటి పెట్టె. పడవ కింద ఏముందో అందులో చుక్కలుగా కనిపిస్తుంది. పక్క పడవ ఆసామి టీ కొట్టు దగ్గర మా తమ్ముణ్ణి కదిలించాడు.

"ఏమయ్యా, మీ అన్నయ్యని ఇంకా నీళ్ళలో ముంచుతూనే ఉన్నావా? జలుబు చేస్తుందేమో చూసుకో."

తమ్ముడు ఊరుకుంటాడా? "నీ పెట్టెకి బ్యాటరీ కావాలి. మా అన్నయ్యకి గ్లాసుడు టీ చాలు. నీ పెట్టె చుక్కలు చూపిస్తుంది, మా అన్నయ్య అది ఏ చేపో, ఎంత వయసుదో, పెళ్ళయిందో లేదో కూడా చెప్తాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ మాత్రం సగం పారబోశాను.

వాడికీ నాకూ పన్నెండేళ్ళ తేడా. వాడు పుట్టిన ఏడాదికే అమ్మ పోయింది. నా భుజాల మీదే పెరిగాడు. మాకు పిల్లలు లేరన్న సంగతి మా ఆవిడకీ నాకూ గుర్తు రాకపోవడానికి వాడే కారణం. నలభై ఆరేళ్ళొచ్చినా, ఇంట్లో అడుగు పెడుతూనే గిన్నెల మూతలు తీసి చూస్తాడు.

మార్చి 9

గాలి దక్షిణం. నీళ్ళు వెచ్చన. వినిపించినట్టుంది.

మార్చి 10

గాలి దక్షిణం. నీళ్ళు వెచ్చన. వినిపించినట్టుంది.

మార్చి 11

అబద్ధం.

మార్చి 12

నిన్న ఆ ఒక్క మాటా రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ తెరిచాను కాబట్టి మిగతాది కూడా రాస్తాను.

రెండేళ్ళుగా నాకేమీ వినిపించడం లేదు. మొదట్లో ఒక రోజు వినిపిస్తే నాలుగు రోజులు లేదు. తరవాత నెలకోసారి. ఇప్పుడు అదీ లేదు. చెయ్యి మాత్రం రోజూ లేపుతున్నాను. ఎటు తోస్తే అటు. ఎండ కళ్ళలో పడకుండా ఉండే వైపు చూపించిన రోజులున్నాయి.

నాన్న నేర్పిన పద్ధతిలో ఒక నియమం ఉంది. నీళ్ళలో పూర్తిగా ఒక చుట్టు తిరగాలి. ఏమీ వినిపించకపోతే చెయ్యి లేపకుండా పైకి రావాలి. అప్పుడు ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు, పడవ ఇంటికి తిప్పేయాలి. నాన్న తన బతుకులో మూడుసార్లు అలా పైకొచ్చాడు. ఆ మూడుసార్లూ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఒక్కసారి కూడా రాలేదు. చెయ్యి లేపకుండా పైకొచ్చి తమ్ముడి మొహం చూడటం నాకు చేతకాదు. అందుకని ఈ మధ్య చుట్టు కూడా పూర్తిగా తిరగడం లేదు. సగంలోనే లేపేస్తున్నాను.

నా చెవులు పోయాయేమో. యాభై ఎనిమిదేళ్ళు, నలభై ఏళ్ళ ఉప్పునీళ్ళు. పోయే ఉంటాయి. ఈ మాట రాసేసరికి ఎంత హాయిగా ఉందో! సముద్రానికేమీ కాలేదు. ముసలాడికి చెవుడొచ్చింది, అంతే.

మార్చి 19

మా ఆవిడ వంటింట్లోంచి మూడుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు. నిజంగానే వినపడలేదు! వల బాగుచేస్తూ ఏదో ఆలోచనలో ఉన్నాను.

"లోకంలో ఉన్న చేపలన్నిటి గుసగుసలూ వింటారు, కట్టుకున్నదాని కేక మాత్రం చెవికెక్కదు" అంది.

"చెవులు పోయాయేమోనే" అన్నాను.

నా మొహంలో సంతోషం చూసి ఆమె గరిటె పక్కన పెట్టేసింది. "చెవులు పోతే ఇంత మురిసిపోతారేం? పదండి, పట్నంలో చూపించుకుందాం" అంది. ఆమెకీ పని లేదు. చేపలు శుభ్రం చేసే షెడ్డు వారానికి రెండు రోజులే తెరుస్తున్నారు.

మార్చి 27

బస్సులో రెండు గంటలు. చెవుల డాక్టరు ఆడమనిషి, మా తమ్ముడి భార్య వయసుంటుంది. మా ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను ఒక చిన్న గదిలోకి పంపారు. మందపాటి గోడలు, మందపాటి తలుపు. చెవులకి డొప్పలు తగిలించి చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి.

తలుపు వేశారు. నేను కళ్ళు మూసుకున్నాను. అదే నిశ్శబ్దం. కాళ్ళ కింద నీళ్ళు లేవు గానీ, మిగతాదంతా అలాగే ఉంది. ఎక్కడో అడుగున సన్నటి కూత. నొక్కాను. దానికంటే సన్నటిది, ఎడమ వైపు. నొక్కాను. నొక్కకుండా ఉండిపోదామనుకున్నాను, నిజం. కానీ వినపడ్డాక ఊరుకోవడం ఈ చేతికి రాదు. నలభై ఏళ్ళ అలవాటు.

డాక్టరమ్మ కాగితం చూసి నన్ను చూసింది. "పెద్దాయనా, మీకేం పని?"

"చేపల పడవలో."

"ఇంజను దగ్గర కాదు కదా?"

"కాదమ్మా. ముందు వైపు."

"ఇరవయ్యేళ్ళ వాళ్ళకి కూడా ఇలాంటి చెవులుండవు. నాకే లేవు" అని నవ్వింది. "ఎవరు చెప్పారు మీకు చెవుడని?"

"ఇంకోసారి చూడమ్మా" అన్నాను.

"అక్కర్లేదు, అంతా శుభ్రంగా ఉంది."

"ఒక్కసారి చూడు తల్లీ. ఎక్కడో తేడా ఉంటుంది."

చూసింది. మంచిపిల్ల. రెండోసారి కూడా అదే వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, అవి సంతోషంతో అనుకుని భుజం తట్టింది.

బయటికొచ్చాను. మా ఆవిడ "ఏమన్నారు?" అంది. "మళ్ళీ రమ్మన్నారు" అన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి ఈ పుస్తకంలో దాచాను.

మార్చి 28

చెవులు బాగున్నాయి.

మార్చి 30

పొద్దున్నే తమ్ముడొచ్చాడు. మూతలు తియ్యలేదు. అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"వదిన చెప్పింది, డాక్టరు దగ్గరికెళ్ళారట. నాకు తెలుసన్నయ్యా. రెండేళ్ళుగా తెలుసు. పూర్తిగా తిరక్కుండానే చెయ్యి లేపుతున్నావు. నువ్వు బాధపడతావని నేనెప్పుడూ అనలేదు."

వాడికి తెలుసట. తెలిసి కూడా టీ కొట్టు దగ్గర నా గురించి అలా చెప్పాడు. తెలిసి కూడా నేను చూపించిన వైపే పడవ నడిపాడు, రెండేళ్ళు.

"చెవులు పోయాయంది కదూ డాక్టరమ్మ?" అన్నాడు. నా మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే, "పొద్దుటికి తగ్గిపోతుంది కదూ?" అని అడిగేవాడే, అచ్చం అలా. "పోతే పోయాయిలే. నేను మిషన్ కొంటాను. మా బావమరిదికి మోటారు సైకిల్ ఇచ్చేస్తే వాడి దగ్గరున్నది ఇస్తానన్నాడు. చేపలెక్కడికి పోతాయి, అక్కడే ఉంటాయి. మనకి తెలియడం లేదంతే. ఔనా? చెప్పన్నయ్యా."

పోయాయని చెప్తే నేనొక్కణ్ణే పోతాను. పోలేదని చెప్తే వాడికి సముద్రమే పోతుంది.

"పోయాయి" అన్నాను.

వాడు నన్ను కావలించుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఎంత తేలికపడ్డాడో వాడి ఒంటి బరువులోనే తెలిసింది నాకు.

ఏప్రిల్ 8

చెవిటివాడిగా ఉండటం కష్టమైన పనే. తలుపు చప్పుడుకి తల తిప్పకూడదు. వెనక గిన్నె పడితే ఉలిక్కిపడకూడదు. ఎవరేమన్నా "ఆఁ?" అనాలి.

ఊళ్ళో అందరూ మంచివాళ్ళైపోయారు. చెవి దగ్గరికొచ్చి అరుస్తున్నారు. టీ కొట్టు దగ్గర నా ముందే నా గురించి మాట్లాడుకుంటున్నారు. "పాపం పెద్దాయన, దేవుడిచ్చిన చెవి" అన్నాడు పక్క పడవ ఆసామి, మెల్లగా. నాతో ఎప్పుడూ అలా అనలేదు.

మా ఆవిడకి పండగే. "ఇన్నాళ్ళకి మనసారా తిట్టుకునే వీలు దొరికింది" అని ఎదురింటావిడతో చెప్పింది. నిజంగానే తిట్టింది కూడా. పెళ్ళైన కొత్తలో సంగతులన్నీ బయటికొచ్చాయి. కొన్నిటికి నా దగ్గర మంచి జవాబులున్నాయి. చెప్పడానికి లేదు.

ఏప్రిల్ 13

నేను లేకుండా పడవ వెళ్ళింది. మిషన్‌తో. గట్టు మీద వలలు బాగుచేస్తూ కూర్చున్నాను. చేతులకి పని ఉంది గానీ, మెడ మాటిమాటికీ అటు తిరుగుతోంది.

ఏప్రిల్ 22

సాయంత్రం మా ఆవిడ నా వెనక కూర్చుని చిక్కు తీస్తోంది. నేను సూది తోస్తున్నాను. గాలి కూడా లేదు.

"బావా" అంది.

మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ, పెళ్ళైన మొదటి సంవత్సరమూ అలా పిలిచేది. తరవాత అత్తగారిల్లు, పెద్దరికం, "ఏమండీ"లోకి మారిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ తరవాత ఆ మాట. దీపం ఆర్పేంత గాలి కూడా లేదు ఆ గొంతులో.

నేను తిరగలేదు. సూది మాత్రం ఆగిపోయింది.

మళ్ళీ దువ్వెన చప్పుడు మొదలైంది. "సరేలే" అంది, అంతే మెల్లగా. ఆ తరవాత లేచొచ్చి చెవి దగ్గర అరిచింది: "అన్నం పెట్టనా?"

మే 6

మిషన్‌లో చుక్కలు కనిపిస్తున్నాయట. వల వేస్తే జెల్లీచేపలట. దానికి తేడా తెలియదు. ఇంకా దూరం పోతే నీళ్ళు చల్లగా ఉంటాయి, అక్కడ చేపలుంటాయి అంటున్నాడు తమ్ముడు. ఇదివరకు పొద్దున్న పోయి మధ్యాహ్నానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు రెండు రోజులు.

అంత దూరం పోయే పడవ కాదది. నాన్న కాలం నాటి చెక్క.

మే 19

రెండు రోజుల్లో రావాలి. రాలేదు.

మే 20

మధ్యాహ్నం నుంచి గాలి. ఈ నెలలో ఇలాంటి గాలి నాన్న పుస్తకాల్లో లేదు, నా పుస్తకాల్లో లేదు. అన్నీ తిరగేశాను. తమ్ముడి భార్య మా ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. నీళ్ళు కూడా ముట్టలేదు.

నేను పోయాయన్నాను కాబట్టే వెళ్ళాడు.

మే 21

పొద్దుటి నుంచి గట్టు మీదే ఉన్నాను. నేను పోయాయన్నాను కాబట్టే వెళ్ళాడు.

మే 22

వచ్చారు. నలుగురి కళ్ళకి కనపడకముందే నాకు వినిపించింది, మా ఇంజను దగ్గు. దగ్గాయన దగ్గు కంటే నాకు బాగా తెలుసది. నిండుగా వచ్చే పడవ చప్పుడు లోపలికి దిగి వస్తుంది, ఖాళీగా వచ్చేది పైపైన పటపటమంటుంది. ఇది పటపటమంది. ఖాళీగా వచ్చినా చాలనుకున్నాను. పక్కనున్న మరదలికి చెప్పడానికి లేదు. అది కనపడేదాకా ఆమె ఇంకో అరగంట ఏడ్చింది. ఈ పాపం ఎక్కడికీ పోదు.

పొడుగాయనకి చెయ్యి విరిగింది. ముందు వైపు చెక్క చీలింది.

తమ్ముడు సరాసరి నా దగ్గరికొచ్చాడు. పెదవులు పగిలి నెత్తురు. నా చెవిలో నోరు పెట్టి అరిచాడు: "అన్నయ్యా! అక్కడ చాలా ఉన్నాయి! గొరకలు! మిషన్ నిండా చుక్కలే! గాలి రాకపోతే పడవ నింపేవాళ్ళం! ఈసారి తెస్తాను, చూడు!"

నేను తల ఊపాను. నవ్వాను కూడా.

వాడు మా ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. నాకూ వాడికీ మధ్య రెండడుగుల దూరం.

"ఏమీ లేదొదినా. ఎక్కడా లేదు. అంత దూరం పోయినా నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. అన్నయ్యకి చెప్పకు. చెవులు పోయాయన్న దిగులు చాలదూ, ఇది కూడా తెలిస్తే తట్టుకోలేడు. చెక్క బాగుచేయించుకుని మళ్ళీ పోతాను. ఆయన గట్టు మీద ఎదురు చూస్తుంటే నేనింట్లో ఎలా కూర్చోను?"

మా ఆవిడ నన్నే చూస్తోంది. నేను వల వైపు చూశాను.

మే 23

వాడు నా కోసం వెళ్తున్నాడు. నేను వాడి కోసం అబద్ధమాడాను. మధ్యలో ఆ పడవ.

జూన్ 14

చెక్క అతుకు పడింది. ఎల్లుండి బయల్దేరతాడట. ఈసారి నాలుగు రోజులకి సరిపడా నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

మా ఆవిడ చపాతీలు చేస్తూ, నా వైపు వీపు పెట్టి, చాలా మెల్లగా అంది. "బావా, వాణ్ణి ఆపగలిగేది నువ్వొక్కడివే. ఇంకొకళ్ళ మాట వినడు."

"తెలుసే" అన్నాను.

ఆమె కర్ర ఆగింది. వెనక్కి తిరగలేదు. "అయితే ఆ తిట్లన్నీ విన్నావన్నమాట" అంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. ఇంత మంచి చెవులుండి తెలియలేదు.

జూన్ 16

తెల్లవారుతుండగా రేవుకెళ్ళాను. ఎవరూ ఏమీ అనకముందే పడవెక్కి నా చోట కూర్చున్నాను. తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెవిలో అరిచాడు: "నీకెందుకన్నయ్యా! ఇంటికెళ్ళు!"

"అరవకురా. వినిపిస్తోంది" అన్నాను.

వాడి చేతిలో నీళ్ళ డబ్బా ఉంది. మెల్లగా కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

పుస్తకంలో దాచిన డాక్టరమ్మ కాగితం జేబులోంచి తీసిచ్చాను. చదివాడు. మళ్ళీ మడిచి ఇచ్చేశాడు. "ఒక్కసారి దిగన్నయ్యా. మన పాత చోట. ఒక్కసారి" అన్నాడు.

రాళ్ళ దిబ్బ దాటాక ఇంజను ఆపాడు. పొడుగాయన లేడు, చెయ్యింకా కట్టులోనే ఉంది. దగ్గాయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నేను తాడు పట్టుకుని జారాను.

కళ్ళు మూసుకుని తిరగడం మొదలుపెట్టాను. చిటపటలు కూడా లేవు. రాళ్ళ వైపు, ఒడ్డు వైపు, లోతు వైపు. సగం దగ్గర చెయ్యి దానంతటదే లేవబోయింది. రెండో చేత్తో పట్టుకుని ఆపాను. మిగతా సగం కూడా తిరిగాను, ఎంత మెల్లగా తిరగ్గలనో అంత మెల్లగా. నాన్నని తలుచుకున్నాను. గదినిండా గుర్రు పెట్టే ఆ మగవాళ్ళని తలుచుకున్నాను. ఊపిరి అయిపోయేదాకా ఉన్నాను.

పైకొచ్చాను. తమ్ముడు నా మొహం చూడలేదు, చెయ్యి చూస్తున్నాడు. ఇంకా లేస్తుందేమోనని చూస్తున్నాడు. కాసేపయ్యాక వంగి, ఆ చెయ్యే పట్టుకుని నన్ను పడవలోకి లాగాడు. తువ్వాలు నా భుజాల మీద వేసి, నేను వాడికి చిన్నప్పుడు తుడిచినట్టే తల తుడిచాడు. నియమం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. దగ్గాయన దగ్గలేదు. పడవ ఇంటి వైపు తిప్పాడు. దారి పొడుగునా వాడి వీపు నాకేసే ఉంది, ఇంజను చప్పుడు కింద వాడి ఏడుపు నాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

రేవులో పడవ కట్టేశాక మిషన్ ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. "బావమరిదికి ఇచ్చేస్తాను" అన్నాడు. "మధ్యాహ్నం భోజనానికి వస్తాం, నేనూ మీ మరదలూ. వదినకి చెప్పు." నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండా, పిలిచాడో లేదో తెలియనంత మెల్లగా "అన్నయ్యా" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

నాన్న చెప్పిన మూడు ముక్కలు:

గాలి నైరుతి. నీళ్ళు వెచ్చన. పూర్తిగా ఒక చుట్టు తిరిగాను, ఏమీ వినిపించలేదు.